చెవులు మూసుకోని సిద్ధిరాములు

మా భివండీల మొగోళ్లకు చెవులు ఎందుకున్నయ్ అంటే, కండ్లద్దాలు జారకుంట పట్టుకోనీకి. అంతకు మించి వాటితోని పని లేదు. శాంతి నగర్‌ల ఏ గల్లీల నిలవడ్డా రాత్రిపగలు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, దడదడమంటనే ఉంటయ్. కార్ఖానా లోపల ఒకడు ఇంకొకనికి మాట చెప్పాల్నంటే నోరు ఎంత తెరిచినా లాభం లేదు. పెదిమలు చూడాలె, చేతులు చూడాలె. పోగు తెగితే ఒక సైగ, నూలు కండెలు ఒడిస్తే ఒక సైగ, సేఠ్ వస్తున్నడంటే ఒక సైగ. సాంచ ఆగిపోయిందనుకో, దాన్ని బాగుచేసే జాబర్‌ను పిలువాలె. అప్పుడు కుడి పిడికిలి నెత్తి మీదికి ఎత్తి, ఎడమ చేత్తోని ఆ మోచెయ్యిని రెండుసార్లు కొట్టాలె. ఆ సైగ కండ్లవడ్డంక జాబర్ అన్నోడు నోట్లె బుక్క ఉన్నా లేచి రావాలె. రాకుంటె వాడు జాబర్ కాదు.

నేను భూమయ్యను. ముప్పై ఏండ్లు పరాయి సాంచాల మీద చేసి, ఇప్పుడు టెంఘర్‌ల నా సొంతానికి ఎనిమిది సాంచాలు పెట్టుకున్న. ఎనిమిది సాంచాలున్నోనికి మర్యాద ఇయ్యాలె గదా, అందుకని మా తెలుగు మండల్‌కు ఉపాధ్యక్షున్ని చేసిన్రు. ఉపాధ్యక్షుడంటే ఏంలేదు, అధ్యక్షుడు కూసునే కుర్చీ తుడిసి పెట్టేటోడు. నాకు నోరెక్కువ అంటది మా శాంతాబాయి. ఎక్కువేం కాదు, ఇంట్ల ఆమెది పోంగ మిగిలిందే నాది.

ఇప్పుడు చెప్పేది సిద్ధిరాములు కథ. నాకంటె రెండేండ్లు పెద్ద. సిద్దిపేట అవుతలి ఊరు. పదిహేనేండ్లప్పుడు వచ్చి కండెలు మోసిండు, సాంచ నేర్చుకున్నడు, జాబర్ అయిండు. చేతుల మంచి పని ఉండె. సాంచ ఒంటి మీద అరచెయ్యి పెట్టి ఏ నట్టు వదులైందో చెప్తుండె. ఆరేండ్ల కింద వాళ్ల సేఠ్ పాత సాంచాలు మొత్తం పాతినుము కింద భంగార్‌కు ఏసి కొత్త మిషన్లు దించిండు. వాటికి రోగమొస్తే కంపెనీ ఇంజనీరు లాప్‌టాప్ పట్టుకొని వస్తడు, జాబర్‌తోని పని లేదు. సిద్ధిరాములును గేటు కాడ వాచ్‌మన్‌గ కూసోపెట్టిన్రు. ఎనకటి జాబర్ గేటు తీసి సలాం కొడుతుంటె నేనే మొకం పక్కకు తిప్పుకొని పోతుంటి. భార్య అంతకు ముందే పోయింది. ఇగ ఆయనకు మిగిలింది రెండే, బిడ్డ ప్రాజక్త, మా మండల్‌ల సౌండు కుర్చీ.

ఆ కుర్చీల ఆయన ఇరవై రెండేండ్లు కూసున్నడు. మార్కండేయ జయంతికి, గణపతికి, బతుకమ్మకు, ఎప్పుడైనా సరే, అందరికంటె రెండు గంటలు ముందు వస్తుండె. మిక్సర్ మీద పడ్డ దూది నుసి పండ్లు తోముకునే బ్రష్‌తోని దులుపుతుండె. కుర్చీ తెచ్చి స్పీకర్ డబ్బా పక్కనే ఏసుకొని, ఎడమ అరచెయ్యి డబ్బాకు ఆనిచ్చి, కుడి చెయ్యి మిక్సర్ మీద పెట్టి, పాడేటోళ్ల మూతి దిక్కు చూసుకుంట కూసుంటుండె. మేము ఎగతాళి చేస్తుంటిమి. ‘ఏందన్నా, ఆడోళ్ల మూతులే చూస్తున్నవ్, వదిన పోయి ఎన్నేండ్లయింది’ అని. ఆయన నవ్వుతుండె. మిక్సర్ మీద ఒక్కో గుండీ పక్కన బిడ్డ నెయిల్ పాలిష్‌తోని ఎర్రగీత గీసి పెట్టుకున్నడు. గుండీ ఎన్నడూ ఆ గీత దాటకపోతుండె. ‘రాములన్నా, జర పెంచు’ అని సేఠ్‌లు సుత బతిలాడుకునేటోళ్లు, ఆ పండుగ ఒక్కనాడు. ఆయన పెంచినట్టే చేసి చెయ్యి తీస్తుండె. మేము ‘అగో, ఇప్పుడు బాగున్నది’ అంటుంటిమి.

మా శాంతాబాయి బతుకమ్మకు పాట ఎత్తుకుంటది. ఆమె ఒక చరణం అంటే చుట్టు తిరిగే ఆడోళ్లందరు దాన్ని అందుకోవాలె. ఆమె ఒకపారి నాతోని అన్నది, ‘నాకు ఊపిరి ఎక్కడ తక్కువైతదో రాములన్నకు నాకంటె ముందు తెలుస్తది, అక్కడ జర ఎత్తుతడు’ అని. నేను పట్టించుకోలే. పెండ్లాం ఇంకొకళ్లను మెచ్చుకుంటే ఏ మొగోడు పట్టించుకుంటడు.

పోయినేడు వానకాలం మండల్ హాల్ పైకప్పు కారి పాత మిక్సర్‌ల నీళ్లు పోయినయ్. మా సెక్రటరీ రాంప్రసాద్‌కు ఇంతకంటె మంచి మోకా దొరకది. రాంప్రసాద్ జుట్టుకు రంగేసుకుంటడు, మాటకు సుత ఏస్తడు. ఆయన అల్లుడు అమోల్ ఠాణేల ఏదో కంప్యూటర్ కంపెనీల చేస్తడు. అల్లుడు చెప్పిండట, ఇప్పుడు అంతా డిజిటల్ అని. మామ అల్లుడు కలిసి ముంబై పోయి ఒక నల్లడబ్బా తెచ్చిన్రు. దాని మీద ఒక్క గుండీ లేదు. ముందటికెళ్లి మైకుల తీగలు పెట్టే బొక్కలు, అంతే. 

సిద్ధిరాములు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, బోర్లేసి చూసి, ‘గుండీలు యాడున్నయ్?’ అని అడిగిండు.

అమోల్ జేబుల నుంచి ఐఫోన్ తీసి ఊపిండు. ‘దీంట్ల ఉన్నయ్ కాకా. ఆప్ డౌన్‌లోడ్ చేసుకోవాలె. ఐఫోన్‌ల నడుస్తది, ఆండ్రాయిడ్‌ల నడుస్తది, లాప్‌టాప్‌ల నడుస్తది. ఫోన్ ఏదైనా చల్తా. ఎవరు యాడ కూసోనైనా సౌండు పెంచొచ్చు, తగ్గించొచ్చు. ఇగ ప్రత్యేకంగ కుర్చీ ఏసుకొని ఎవరూ కూసునే జరూరతే లేదు.’

ఆఖరి మాట అనేటప్పుడు అమోల్ ఎవరి దిక్కు చూడలే, ఫోన్ దిక్కే చూసిండు. సిద్ధిరాములు మాత్రం అమోల్ మూతి దిక్కే చూస్తుండె.

ఇగ చూడు మా కమిటీ సంబురం. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. అక్కడికక్కడ కూసోని అందరం దించుకున్నం. రాంప్రసాద్ లాప్‌టాప్‌ల దించిండు, నేను నా ఫోన్‌ల దించిన. అధ్యక్షుడు ఫోన్ తలకిందులు పట్టుకొని ‘నాది పడుతలేదు, నాది పడుతలేదు’ అని ఒకటే గోల. పిండిగిర్ని కొమురయ్య మిక్సర్ అంటే చట్నీ మిక్సర్ అనుకునే మనిషి, ఆయన సుత దించిండు. రేషన్ కార్డు ఆధార్‌కు కలుపుమంటే మూడేండ్లు తిరిగినోళ్లు, గిది మాత్రం మూడు నిమిషాలల్ల కలిపిన్రు. కులమేందని అడగది, మతమేందని అడగది, ఏ కంపెనీ ఫోన్ అని సుత అడగది. నా ఫోన్‌ల శాంతాబాయి మైకు గీత మీద వేలు పెట్టి పైకి జరిపిన. ఇంట్ల ముప్పై నాలుగేండ్ల సంది తగ్గించాల్నని చూస్తున్న ఆ గొంతు నా వేలి కింద ఉన్నది. అబద్ధమెందుకు, మస్తు అనిపించింది.

ప్రాజక్త బైపాస్ కాడ గోదాముల సామాను స్కాన్ చేసే పని చేస్తది. వాళ్ల గోదాముల తీసేసిన ఒక పాత టాబ్లెట్, మూలకు పగిలింది, అడుక్కొచ్చి అండ్ల ఆ ఆప్ ఏసి తండ్రి చేతికిచ్చింది. తీసేసిన టాబ్లెట్‌ల సుత అది నడిచింది. హాల్‌ల మా శాంతాబాయి మైకు పట్టుకొని ‘ఒకటి, రెండు, మూడు’ అన్నది. టాబ్లెట్ మీద పచ్చటి గీతలు పైకి లేచి కిందికి పడ్డయ్.

‘గిది శాంతక్క గొంతేనా?’ అని అడిగిండు సిద్ధిరాములు.

‘అవ్ బాపు. గొంతు ఎంత లేస్తే గీత అంత లేస్తది. ఎర్రగైతే ఎక్కువైనట్టు’ అని ప్రాజక్త తండ్రి ఎదురుంగ వచ్చి నిలవడి చెప్పింది.

ఆయన ఆ గీతలను చాలసేపు చూసిండు. ముక్కు ఎగవీల్చి టవాల్‌తోని తుడుచుకున్నడు. జలుబు చేసిందేమో అనుకున్న నేను. 

సద్దుల బతుకమ్మకు పది రోజులుందనంగ రిహార్సల్ పెట్టుకున్నం. స్టేజీ మీద శాంతాబాయి, పక్కన ముగ్గురు ఆడోళ్లు, ఎనుక డోలు. ఎదురుంగ కుర్చీలల్ల మేము, మా పిల్లలు, మా కోడండ్లు. సిద్ధిరాములు ఎప్పటి లెక్కనే స్పీకర్ డబ్బా పక్కన కూసున్నడు, ఒళ్లె టాబ్లెట్. ఆయన ఏం పెడుతున్నడో మాకెందుకు, మా చేతుల మాకున్నయ్. కొమురయ్య డోలు పెంచిండు. రాంప్రసాద్ తన భార్య మైకు పెంచిండు, పెంచకుంటె ఇంట్ల ఆమె ఆయనను తగ్గిస్తది. డోలుల శాంతాబాయి మునిగిపోతున్నదని నేను ఆమెను పెంచిన. అమోల్ ఎకో పెట్టిండు. మళ్ల రాంప్రసాద్ పెంచిండు, మళ్ల నేను పెంచిన. మంది ఎక్కువైతే మజ్జిగ పలుచనంటరు. మజ్జిగేమో గని సీటీ కొట్టింది.

మైకు సీటీ అంటే తెలుసు గదా, సౌండు మితిమీరితే స్పీకర్ల నుంచి వచ్చే సన్నటి కూత. ఎట్లాంటి కూత అని నన్ను అడగకున్రి. హాల్‌ల అందరు రెండు చేతులతోని చెవులు మూసుకున్నరంటె ఎట్లాంటిదో మీరే అనుకోన్రి. పిల్లలు మూసుకున్నరు, కోడండ్లు మూసుకున్నరు, అధ్యక్షుడు మూసుకున్నడు, రాంప్రసాద్ మూసుకున్నడు, కొమురయ్య ఫోన్ కింద పడేసి మూసుకున్నడు. నేను సుత మూసుకున్న.

సిద్ధిరాములు ఒక్కడే మూసుకోలే. శాంతాబాయి పాట ఎందుకాపిందా అని ఆమె మూతి దిక్కు చూసుకుంట నిమ్మలంగ కూసున్నడు. రాంప్రసాద్ ఆయన ఈపు ఎనుకకు పోయి ‘రాములన్నా, బంద్ చెయ్’ అని ఒర్రిండు. ఆయన మల్లలే. ‘రాములన్నా’ అని ఇంకోపారి ఒర్రిండు. ఆయన కన్ను సుత కొట్టలే. అమోల్ ఉరికి డబ్బా వైరు గుంజినంక గని అందరి చేతులు కిందికి దిగలే.

అందరికి ఒక్కపారే సమజ్ అయింది. ఇరవై రెండేండ్ల సంది మా సౌండు చూస్తున్నోనికి చెవులు లేవు.

అప్పుడు నేను నోరు మూసుకోవాలె. మూసుకుంటె నేను భూమయ్యను ఎట్లయిత. ‘చెవిటోని ముందర శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నవ్ అన్నడట. మనం శంఖమే తీస్కపోయి చెవిటోని చేతుల పెట్టినం’ అన్న. అందరు ఇరగవడి నవ్విన్రు. నేను సుత నవ్విన. నవ్వుకుంట చూస్తే సిద్ధిరాములు నా మూతి దిక్కే చూస్తున్నడు. మాటకు మాట, మొత్తం చదివిండు. మగ్గం పని చేసినోనికి ఎగతాళి అందాల్నంటె చెవులెందుకు. ఆయన మెడల టవాల్ తీసి, పాత మిక్సర్‌ను కప్పినట్టే ఆ టాబ్లెట్‌ను కప్పి, బిడ్డ చేతికిచ్చి మెట్లు దిగి పోయిండు. 

ఆ దినమే కమిటీ కూసోని తీర్మానం చేసింది. చెవులు బరాబర్ లేనోన్ని సౌండు కాడ కూసోపెట్టొద్దు, బతుకమ్మ సౌండు అమోల్ చూస్తడు, కమిటీ మెంబర్లు ఫోన్ల నుంచి సాయం చేస్తరు. తీర్మానం రాసింది నేనే. నా అక్షరం గుండ్రంగ ఉంటది.

ఇంటికొచ్చినంక శాంతాబాయి తినుమనలే, వద్దనలే. పల్లెం ముందట పెట్టి, ‘ఇరవై రెండేండ్లల్ల ఒక్క సీటీ కొట్టిందా?’ అని అడిగింది.

‘అది పాత మిక్సర్. నెయిల్ పాలిష్ గీతలుండె.’

‘గీతలు గీసింది ఎవరు?’

నేను అన్నం కలుపుకున్న. ఆమె నా ఎదురుంగ కూసున్నది. ‘ప్రాజక్త చెప్పింది. లావు చప్పుడు అంతో ఇంతో అందుతదట గని, సన్న చప్పుడు పోయి పదేండ్లయిందట. ముందట పోయేది అదేనట, సాంచాల కాడ చేసినోళ్లకు. అందుకే చేతులతోని, కండ్లతోని చేసుకొస్తున్నడు. ఆ టాబ్లెట్‌ల గీతలు చూసి వారం దినాలు సంబురపడ్డడట, ఇగ నాకు భయం లేదు బిడ్డా, పాట కండ్లకు కనవడుతున్నది అని. గా సంబురం మీద నువ్వు మన్నువోసినవ్.’

‘నేనొక్కన్నే పోసిన్నా? కమిటీ పోసింది’ అన్న. ఆమె లేచి పోయింది. ఆ పది రోజులు ఆమె నాతోని మాట్లాడింది తక్కువ, గిన్నెలు మాట్లాడింది ఎక్కువ.

సద్దుల బతుకమ్మ గురువారం వచ్చింది. వరాలా తలావ్ ఒడ్డున ఐదు గంటలకే బతుకమ్మలు దిగినయ్. బంతిపూలు ఏ పాటి రేటున్నా మా ఆడోళ్లు తగ్గరు. మా కమిటీ మొగోళ్లం చెరువు చుట్టు నాలుగు దిక్కుల నిలవడ్డం, చేతులల్ల ఫోన్లు. పోలీసోళ్ల బందోబస్తు సుత గంత పక్కాగ ఉండది. సిద్ధిరాములు వచ్చిండు, గని అవుతల గోడ కాడ, ఐస్‌క్రీం బండి ఎనుక నిలవడ్డడు. బిడ్డను తీస్కొచ్చిన అన్నట్టు.

పాట మొదలైంది. మొదటి చరణం బాగానే పోయింది. రెండో చరణంల డోలు లేదు. కొమురయ్య వేలు జారిందట. మూడో చరణంల డోలు తప్ప ఏం లేదు. రాంప్రసాద్ తన భార్యను పెంచిండు. ఆమె గొంతు సన్నది, తాళం ఇంకా సన్నది. శాంతాబాయి ఒక చరణం అంటే ఈమె ఎనుకటి చరణం అంటున్నది, అదే మైకుల మోగుతున్నది. తిరిగే ఆడోళ్లు సగం మంది ఒక అడుగు, సగం మంది ఇంకో అడుగు. అంతల అమోల్ ఫోన్‌కు ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. ఆయన ‘యెస్ సార్’ అనుకుంట ఫోన్ చెవికి పెట్టుకున్నడు. చెవి తగిలి ఏ గీత ఏడికి జరిగిందో దేవునికెరుక. ఆడోళ్లు ఉలిక్కిపడి చెవుల మీద చేతులు పెట్టుకున్నరు. ఈసారి నేను ఎమ్మటే మూసుకున్న.

తిరుగుడు ఆగింది. బతుకమ్మ నడుమ పాట ఆగుడంటే మా ఆడోళ్లకు మంచిది కాదని పట్టింపు. ముసలవ్వలు మా దిక్కు చూసిన చూపు సంగతి అడగకున్రి. రాంప్రసాద్ అమోల్‌ను, అమోల్ నెట్‌వర్క్‌ను తిడుతున్నరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కొమురయ్య ‘నా ఫోన్ చైనాది’ అంటున్నడు.

శాంతాబాయి మైకు కింద పెట్టింది. అంత మందిల, అంత గోలల, ఎవరిని ఏం పిలుస్తది. ఆమె కుడి పిడికిలి నెత్తి మీదికి ఎత్తింది. ఎడమ చేత్తోని మోచెయ్యి మీద రెండుసార్లు కొట్టింది. పెండ్లి కాకముందు ఆమె సుత శాంతి నగర్‌ల కండెలు చుట్టిందే. 

గోడ కాడ సిద్ధిరాములు ఆ సైగ చూసిండు. ఒక్క గడియ నిలవడ్డడు. నేను ఆయన దిక్కే చూస్తున్న, రావద్దని కొంత, రావాల్నని కొంత. అవమానం చేసి పంపినోళ్ల నడుమకు ఎవడొస్తడు. గని సాంచ ఆగింది, పిలిచింది జాబర్‌ను. ఆయన ఐస్‌క్రీం బండిని పక్కకు జరిపి, మందిని తోసుకుంట వచ్చిండు. ప్రాజక్త సంచిల నుంచి టాబ్లెట్ తీసింది, టవాల్ ఇంకా అట్లనే చుట్టి ఉన్నది. ఎవరో కుర్చీ తెచ్చిన్రు. ఎడమ అరచెయ్యి స్పీకర్ డబ్బాకు ఆనింది.

తండ్రి బిడ్డ ఇద్దరు రెండు నిమిషాలు ఏదో చేసిన్రు. నా ఫోన్‌ల గీతలన్నీ మాయమై ఒక్క గీతే మిగిలింది. దాని కింద ‘భూమయ్య’ అని నా పేరే ఉన్నది. అరే, ఎంత మర్యాద అనుకున్న. 

పాట మళ్ల మొదలైంది. ఈసారి వేరే సంగతి. శాంతాబాయి గొంతు ముందట, ముగ్గురి గొంతు ఎనుక, డోలు కింద. ఎవరి జాగల వాళ్లు. సిద్ధిరాములు ఆమె పెదిమలు చూస్తడు, పచ్చగీత చూస్తడు, వేలు ఎంట్రుకంత జరుపుతడు. ఆమెకు ఊపిరి తక్కువయ్యే కాడ గొంతు జర లేస్తున్నది. ముసలవ్వలు సుత అడుగు తప్పకుంట తిరిగిన్రు. నేను నా గీతను ఇంత పైకి జరిపిన, ఇంకా బాగైంది. జర తగ్గించిన, అబ్బ, ఇప్పుడు బరాబర్ అనిపించింది. అవుతలి ఒడ్డున రాంప్రసాద్ సుత అట్లనే వేలు ఆడించుకుంట తల ఊపుతున్నడు.

బతుకమ్మలు నీళ్లల్ల కలిసినంక మేం అందరం ఒక్క కాడికి చేరినం. సౌండు తన ఎకో వల్ల నిలిచిందన్నడు అమోల్. తను బేస్ తగ్గించినందుకన్నడు రాంప్రసాద్. ‘అసలు పట్టింది నేను, శాంత గొంతు నా చేతుల ఉండె’ అన్న నేను. 

ప్రాజక్త వైర్లు చుట్టుకుంట ఇంటున్నది. నవ్వు ఆపుకోలేక, ‘కాకా, మీ అందరి గీతలు పదహారో నంబర్ లైన్ మీద పెట్టిన. త్యాలా మాయికచ్ నాహీ. ఆ లైన్‌కు మైకే పెట్టలే’ అన్నది.

మా నలుగురి మూతులు చూడాల్సిందే. నెయిల్ పాలిష్ గీత కాడ ‘అగో, ఇప్పుడు బాగున్నది’ అని ఇరవై రెండేండ్లు అన్నోళ్లం గదా, అదే ఆట మళ్ల ఆడిచ్చిన్రు. రాంప్రసాద్‌కు రోషమొచ్చింది. ‘గీ ఏడు నడిచిపోయింది. వచ్చే పండుగకు చెవులున్నోన్నే పెట్టాలె. ఆదివారం మీటింగ్‌ల పక్కా చేద్దాం’ అన్నడు. మాయికచ్ నాహీ అన్న మాట నాకు సుత మండుతనే ఉండె. ‘చేద్దాం, తీర్మానం నేను రాస్త’ అన్న.

తెల్లారి శుక్రవారం. భివండీల శుక్రవారం సాంచాలు బంద్ ఉంటయ్, ఊరంతా సల్లగ ఉంటది. శాంతాబాయి పొయ్యి కాడ అల్లం దంచుతున్నది. నేను చాయ్ పట్టుకొని ఎదురుంగ కూసోని ఆదివారం మీటింగ్ సంగతి చెప్పిన.

‘సిద్ధిరాములును తీసేస్తరా?’ అన్నది.

‘తీసెయ్యక. మంచోడే, పని వచ్చినోడే. గని సీటీ కొడితే ఇనవడనోన్ని సౌండు కాడ పెట్టుకుంటె లోకం నవ్వది?’

ఆమె దంచుడు ఆపింది. ‘రిహార్సల్ నాడు నేను స్టేజీ మీద ఉన్న. మీ అందరి మొకాలు నా ఎదురుంగ ఉండె. సీటీ కొట్టంగనే పిల్లలు చెవులు మూసుకున్నరు, కోడండ్లు మూసుకున్నరు. మీ కమిటీ ముందు వరుస మొత్తం అట్లనే నిమ్మలంగ కూసోని ఫోన్లు ఒత్తుతున్నది. కోడండ్లను చూసి అధ్యక్షుడు మూసుకున్నడు. ఆయనను చూసి రాంప్రసాద్. రాంప్రసాద్‌ను చూసి కొమురయ్య. నువ్వు అందరికంటె ఆఖరుకు మూసుకున్నవ్. అప్పటికి అమోల్ వైరు గుంజిండు, సీటీ ఆగిపోయింది.’

నేను చాయ్ గిలాస కింద పెట్టిన. గురిగింజ తన కింది నలుపు ఎరగదంటరు. నేనైతే ఎరుగుదు. ఆ దినం నాకు ఏ సీటీ ఇనవడలే. పక్కోన్ని చూసి చేతులు లేపిన. ఆ సంగతి నాకొక్కనికే తెలుసనుకున్న, మిగతా ముగ్గురు సుత గట్లనే అనుకున్నరని ఇప్పుడు తెలిసింది. చెవులు మూసుకున్నోళ్లందరు కలిసి, మూసుకోనోన్ని చెవిటోడన్నం. 

గని పెండ్లాం ముందట ఒప్పుకుంటె మొగోడెట్లయితడు. ‘నీకు అట్ల కనవడ్డదేమో. నా చెవులు బరాబర్ ఉన్నయ్. ఇప్పుడు నువ్వు చెప్పింది మొత్తం ఇన్న గదా, ఒక్క మాట పోకుంట’ అన్న.

శాంతాబాయి నా దిక్కు చూసింది. కోపం లేదు, నవ్వు లేదు. కొంగుతోని చేతులు తుడుచుకొని, దంచిన అల్లం గిలాసల ఏసి, మీద ఉడుకునీళ్లు పోసుకున్నది. అప్పుడు పెదిమలు మెల్లగ కదిలిచ్చింది.

‘రాత్రి పాడి పాడి నా గొంతు పోయింది. పొద్దటి సంది ఒక్క మాట బయటికి రాలే. పెదిమలే ఆడిస్తున్న.’

ఆదివారం మీటింగ్‌కు నేను అందరికంటె ముందు పోయిన. సౌండు కాడి కుర్చీ తుడిసి పెట్టిన.